ఉత్తర చూసి ఎత్తిన గంపలు

బోరబండ అడ్డా మీద తెల్లారకముందే నిలబడే కూలీల్లో పాలమూరు పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఉంటారు. చేతిలో పార, భుజాన తువ్వాల, సంచిలో సద్దిడబ్బా. అక్కడికి దగ్గర్లోనే ఎంఎంటీఎస్ స్టేషన్. రైలెక్కితే తరువాత వచ్చేది హైటెక్ సిటీ. ఆ అద్దాల మేడలకు పునాదులు తవ్విన చేతులు చాలావరకు ఒకప్పుడు గొర్రు పట్టినవే, గింజలు వేసినవే. ఊరెందుకు విడిచారని పెద్ద వయసు వాళ్లను అడిగితే వచ్చే జవాబు రెండే మాటలు: కాలం కాలేదు.

తెలంగాణ పల్లెలో కాలం అంటే గడియారం చూపించేది మాత్రమే కాదు, వాన కూడా. 'ఈ యేడు కాలం మంచిగైంది' అంటే వానలు బాగా పడ్డాయని. 'కాలం కాలె' అంటే పంట పోయిందని, అప్పు మిగిలిందని, పిల్లల చదువు ఆగిందని, అన్నీ ఆ ఒక్క మాటలోనే. వానకూ సమయానికీ ఒకే పేరు పెట్టుకున్న జనం వాన గురించి ఎంత తెలుసుకుని ఉంటారో ఆలోచించాలి. ఆ తెలివి ఇప్పుడు పొలాల్లో కంటే బోరబండ, యూసుఫ్‌గూడ, మూసాపేట గల్లీల్లోనే ఎక్కువగా మిగిలి ఉందేమో. దాన్ని అడిగి రాసుకునేవాళ్లు మాత్రం కనబడరు.

'ఉత్తర చూసి ఎత్తర గంప' అని సామెత. ఉత్తర కార్తె సెప్టెంబరు 13 ప్రాంతంలో మొదలై ఆ నెలాఖరుకు ముగుస్తుంది. అప్పటికీ వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు విడవమని దాని అర్థం. ఈ మాటను చాలామంది పాతకాలపు నిరాశ కింద కొట్టేస్తారు. నిజానికి ఇది లెక్క. తెలంగాణ నుంచి నైరుతి రుతుపవనాలు అక్టోబరు మధ్యకల్లా తప్పుకుంటాయి. ఉత్తర కూడా పొడిగా పోయిందంటే చెరువు నిండడానికి మిగిలిన రోజులు బహు తక్కువ, ఎండిన మెట్ట పైరును ఆ తరువాత పడే చినుకు లేపలేదు. ఇంకా ఊళ్లోనే కూర్చుంటే తిండిగింజలు, పశువుల మేత రెండూ కరిగిపోతాయి. వాన రాదని ఆ సామెత జోస్యం చెప్పడం లేదు. ఎదురుచూపు ఎక్కడ ఆపాలో తేదీ చెబుతోంది. రైతుకు ఏ వాతావరణ సూచన అయినా చివరికి ఇదే చెప్పాలి: వేయనా, ఆగనా, పోనా?

కార్తెల అమరిక కూడా ఈ అవసరం కోసం పుట్టిందే. పండుగలకు చంద్రుణ్ణి నమ్ముకున్న తెలుగు రైతు సేద్యానికి మాత్రం సూర్యుణ్ణి పట్టుకున్నాడు. చాంద్రమాన నెలలు ఏటా జరుగుతాయి, అధిక మాసం వస్తే నెల తేడా పడుతుంది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు పద్నాలుగు రోజులుంటాడు కాబట్టి కార్తె తేదీలు ఏటా దాదాపు కదలవు. రోహిణి మే 25 దగ్గర, మృగశిర జూన్ 7, 8 దగ్గర, ఆరుద్ర జూన్ 22 దగ్గర మొదలవుతాయి. అంటే ఏడాది మొత్తాన్ని రెండేసి వారాల గళ్లుగా కోసి, ఒక్కో గడికి ఒక పని, ఒక హెచ్చరిక, ఒక ఆశ కట్టారు. రోహిణిలో రోళ్లు పగులుతాయి. మిరుగం, అంటే మృగశిర, వచ్చిందంటే వాకిళ్లు చల్లబడతాయి, ఇంటింటా చేపల కూర ఉడుకుతుంది. హైదరాబాదులో చేప ప్రసాదానికి జనం బారులు తీరేదీ ఆ రోజే.

2025లో ఈ గళ్ల విలువ ఏమిటో కళ్లారా కనబడింది. ఆ ఏడాది రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి, మామూలు తేదీకి ఎనిమిది రోజులు ముందు. మే దాటకముందే తెలంగాణలోకీ వచ్చేశాయి. టీవీల్లో పండుగ వాతావరణం. కానీ రోహిణి ఇంకా సగం కూడా కాలేదు. మే 29 ప్రాంతంలో ఆగిన రుతుపవనాలు జూన్ 16 దాకా ముందుకు కదలలేదు. తొలి వానకే పత్తి గింజ పెట్టిన చోట రైతు మళ్లీ ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ ఏడాది బీటీ పత్తి విత్తనం ప్యాకెట్ ధర 901 రూపాయలు. ఎకరానికి రెండు ప్యాకెట్లు పడినా విత్తనానికే 1,800 పైన. దుక్కి ఖర్చు, కూలి, రెండోసారి పెట్టుబడి ఇవన్నీ వేరే. రుతుపవనం 'వచ్చిందా' అన్న ప్రశ్నకు వచ్చిందన్న జవాబు నూటికి నూరుపాళ్లు నిజం. రైతు అడగాల్సిన ప్రశ్న మాత్రం అది కాదు.

అతని ప్రశ్నకు తెలుగులో రెండు మాటలున్నాయి: అదును, పదును. అదును అంటే వేళ. పదును అంటే విత్తనం మొలిచి నిలబడేంత తడి నేలలో ఉండడం. వాన పడ్డ మర్నాడు పెద్దవాళ్లు చేనుకు పోయి గడ్డపారతోనో కర్రతోనో గుచ్చి చూస్తారు, తడి ఎంత లోతుకు దిగిందో. పిడికెడు మట్టి తీసి పిసికి ఉండ చేసి కింద పడేస్తారు. ఉండ అలాగే ఉంటే బురద పదును, ఇంకా ఆగాలి. అసలు ఉండే కట్టకపోతే తడి చాలదు. పడగానే పొడిపొడిగా విడిపోతే నాగలి కట్టవచ్చు. తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే మెట్ట విత్తనాలు వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతుంటారు. పిడికెడు మట్టి ఉండ చెప్పేదీ అదే. పైగా ఆ ఉండ మండల కేంద్రంలోని వర్షమాపకం దగ్గరిది కాదు, తన సొంత చేనుది. ఎద్దుకు ఒక కొమ్ము తడిసి రెండోది పొడిగా ఉండే వానలు పడే దేశంలో ఇది చిన్న తేడా కాదు.

భారత వాతావరణ శాఖ 2025 మేలో తెచ్చిన కొత్త నమూనా దేశాన్ని 6 కిలోమీటర్ల గళ్లుగా చూస్తుంది. అంతకుముందు 12 కిలోమీటర్లు. గొప్ప ముందడుగే. అయినా బోరబండ, మాదాపూర్, హైటెక్ సిటీ దాదాపు ఒకే గడిలో ఇమిడిపోతాయి. మాదాపూర్‌లో రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు పారుతుంటే బోరబండ మేడ మీద బట్టలు ఆరుతున్న సాయంత్రాలు ఇక్కడివాళ్లందరికీ తెలుసు. 2023 జూలైలో వానల కారణంగా సైబరాబాద్ పోలీసులు ఐటీ ఉద్యోగులను మూడు విడతలుగా ఇళ్లకు పంపమని కంపెనీలను కోరారు. నగరానికి వాన సూచన అంటే ఇంటికి ఎప్పుడు బయల్దేరాలన్న సంగతి. రైతుకు అదే సూచన ఏడాది తిండి సంగతి. ఇద్దరికీ ఒకే వాక్యం వినిపించి ఊరుకుంటే సరిపోదు.

పదును తెలిపే గుర్తుల్లో అందరికీ ఇష్టమైనది ఆరుద్ర పురుగు. ఎర్ర మఖమల్ ముక్క కాళ్లు తెచ్చుకుని నడిచినట్టుండే ఆ చిన్న ప్రాణిని పిల్లలు అరచేతిలో పెట్టుకుని మురిసిపోతారు. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని కదలకుండా పడి ఉంటుంది, కాసేపు ఓపిక పడితే మళ్లీ నడక మొదలుపెడుతుంది. ఏడాదిలో ఎక్కువ భాగం అది మట్టిలోనే ఉంటుంది. గట్టి వాన పడి నేల లోతుగా తడిస్తేనే పైకి వస్తుంది. అదే వానకు రెక్కలొచ్చి లేచే ఉసిళ్లు, చెదలు దాని తిండి. పైపైన చల్లిపోయిన జల్లుకు అది మోసపోదు. చేలో ఆరుద్ర పురుగులు తిరుగుతున్నాయని ఒక ముసలమ్మ చెప్పిందంటే నేల లోపలి తడి గురించి చెప్పినట్టే. దీన్ని మూఢనమ్మకం అనడానికి నోరెలా వస్తుంది? పురుగుమందులతో, గడ్డిమందులతో చేలల్లో ఆ పురుగే కనబడకుండా చేసుకుంటున్నామన్నది మాత్రం బాధపడాల్సిన విషయం.

ఇక కంప్యూటర్ల తెలివి వైపు చూద్దాం. హైదరాబాదు శివార్లలోని పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్‌తో కలిసి 2016 వానకాలంలో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఒక ప్రయోగం చేసింది. 175 మంది వేరుశనగ రైతులు. 1986 నుంచి 2015 దాకా ముప్పై ఏళ్ల వాతావరణ లెక్కలను కంప్యూటరుకు నేర్పి, ఎప్పుడు విత్తాలో తెలుగులో మెసేజ్‌లు పంపారు. రైతుకు కావలసింది మెసేజ్ అందుకునే మామూలు ఫోను మాత్రమే. అక్కడ అలవాటు జూన్ మొదట్లోనే విత్తడం. మెసేజ్ ఆగమంది, జూన్ చివరి వారం దాకా. ఆగిన రైతులకు సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని ఇక్రిశాట్ ప్రకటించింది.

జూన్ చివరి వారం అంటే ఏమిటి? ఆరుద్ర. ముప్పై ఏళ్ల లెక్కలు నమిలి యంత్రం ఇచ్చిన సలహాను పంచాంగం భాషలోకి మార్చితే 'మిరుగం దాటనీ, ఆరుద్రలో వేయి' అని. ఒక్క పంటకాలం, ఒక్క మండలం ఫలితంతో పాత సామెతలన్నీ రుజువైపోయాయని చంకలు గుద్దుకోవడం తప్పు. కానీ ఆ ప్రయోగం ఎందుకు పనిచేసిందో గమనించాలి. జిల్లాలో సగటు కన్నా ఎక్కువ వానో తక్కువ వానో అని అది చెప్పలేదు. ఎప్పుడు వేయాలో చెప్పింది. సామెత ఎక్కడ నిలబడి మాట్లాడుతుందో సరిగ్గా అక్కడే నిలబడి మాట్లాడింది. 'వర్షపాతం సాధారణం కంటే 10 శాతం ఎక్కువగా ఉండే అవకాశం' అనే వాక్యం చేనుగట్టు మీద ఎవరికీ ఏ పనికీ రాదు.

రాత్రి ఆకాశం నుంచి చదివే గుర్తులు ఇంకా ఆశ్చర్యం కలిగిస్తాయి. చంద్రుడి చుట్టూ కట్టే వలయాన్ని గుడి అంటారు. 'దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన' అని ఊరి మాట. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. కానీ ఆకాశంలో నిజంగానే రెండు రకాల వలయాలున్నాయి. చంద్రుణ్ణి అంటిపెట్టుకుని రంగురంగుల అంచుతో కనబడేది నీటి చుక్కలున్న పలుచని మబ్బు వల్ల ఏర్పడుతుంది. చంద్రుడికి ఎడంగా, పెద్దగా కనబడేది చాలా ఎత్తున ఉండే మంచు పలుకుల మబ్బు వల్ల ఏర్పడుతుంది. ఆ పలుకుల్లోంచి వంగిన వెలుగు ఎప్పుడూ 22 డిగ్రీల దూరంలోనే వలయం కడుతుంది. చేయి పూర్తిగా చాచి, బొటనవేలును చంద్రుడి మీద పెట్టి జానెడు చూస్తే చిటికెనవేలి కొస దాదాపు ఆ వలయాన్ని తాకుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం కట్టినప్పుడు దాని నెత్తి మీది నుంచి పరుచుకునే ఇలాంటి మంచు మబ్బులు అసలు వాన మబ్బు కంటే ఎంతో ముందుగా నేల మీదికి వచ్చేస్తాయి. అందుకే దూరం గుడికి దగ్గర వాన. ప్రతిసారీ నిజమవుతుందని కాదు, వాయుగుండం పక్కకు తిరిగితే మాట తప్పుతుంది. కానీ చదువు రాని కళ్లు రెండు వలయాలకూ తేడా పట్టి, రెండింటికీ వేరు వేరు అర్థాలు కట్టాయి.

ఇలా నక్షత్రాలను చూసి సేద్యం చేసేవాళ్లు మనమొక్కరమే కాదు. దక్షిణ అమెరికాలో పెరూ, బొలీవియా కొండల్లోని ఆలుగడ్డ రైతులు జూన్ చివర్లో కృత్తికలను చూస్తారు. ఆ చుక్కల గుంపు మసకగా కనబడితే వానలు ఆలస్యం అనుకుని విత్తడం వెనక్కి జరుపుతారు. 2000లో బెంజమిన్ ఒర్లోవ్, జాన్ చియాంగ్, మార్క్ కేన్ అనే ముగ్గురు పరిశోధకులు నేచర్ పత్రికలో దీని వెనుక కారణం రాశారు. ఎల్ నినో ఏడాదిలో ఎత్తయిన పలుచని మబ్బు పెరిగి కృత్తికలను మసకబరుస్తుంది, అదే ఎల్ నినో అక్కడ వానలను తగ్గిస్తుంది. కంటికి కనబడని మబ్బును చుక్కల మెరుపుతో కొలిచారన్నమాట. అక్కడి రైతుల మాటకు ఆ గౌరవం దక్కింది. మన కృత్తిక, రోహిణి, మృగశిరలకు అంత పట్టుదలగా పని చేసినవాళ్లు ఎందరు?

వాన కొలతలో ఈ నేల కొత్తది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ధాన్యాగారం ముందు మూర వెడల్పు నోరున్న పాత్ర పెట్టి వాన కొలవమంటుంది. ఏ దేశంలో ఎన్ని ద్రోణాల వాన పడుతుందో కూడా చెబుతూ, అశ్మక దేశానికి పదమూడున్నర అంటుంది. అశ్మక రాజధాని పోదన నేటి నిజామాబాద్ జిల్లా బోధన్ అని చరిత్రకారుల మాట. మొత్తం వానలో మూడో వంతు మొదటి, చివరి నెలల్లోనూ, మిగతా రెండు వంతులు నడిమి రెండు నెలల్లోనూ పడితే మంచి కాలమట. ఎంత పడిందన్నదే కాకుండా ఎప్పుడు పడిందన్నది కూడా ఆనాడే లెక్కలోకి వచ్చింది.

అలాగని పాతదంతా బంగారం అనడం రైతుకు ద్రోహమే. ఉగాది పంచాంగంలో ఈ ఏడాది ఇన్ని కుంచాల వాన, మేఘాధిపతి ఫలానా గ్రహం అని చదువుతారు. అది రాష్ట్రమంతటికీ ఒకటే, చేను చూడదు, మబ్బు చూడదు. బోనాల మర్నాడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం చెప్పే అమ్మ నోట వానల మాట కోసం వేలమంది చెవులు రిక్కించి వింటారు. అది భక్తి, ఊరికి ధైర్యం. దాని చోటు దానికుంది. విత్తనం వేసే నిర్ణయం మాత్రం దాని మీద నిలబెట్టకూడదు. చూసి, కొలిచి, తప్పితే దిద్దుకునే గుర్తులను ఈ రెంటితో కలిపేసి 'నమ్మకాలు' అని ఒకే గంపలో వేయడం వల్లే అసలు తెలివికి అన్యాయం జరిగింది.

గుర్తుల్లోనూ తప్పులుంటాయి. నిజమైన మాట ఊరంతా గుర్తుంచుకుంటుంది, తప్పిన మాట మరచిపోతుంది. పైగా కార్తెలే మెల్లగా జరుగుతున్నాయి. భూమి ఇరుసు ఊగడం వల్ల నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ సుమారు 71 ఏళ్లకు ఒక రోజు తేడా వస్తుంది. కాకతీయుల పాలన ముగిసి ఏడు వందల ఏళ్లు. అంటే ఆనాటి మిరుగం రుతువుల లెక్కలో ఇప్పటికంటే పది రోజుల ముందు వచ్చేది. ఆనాడు ఏదైనా సామెత పుట్టి ఉంటే, దాని లోపలి తేదీ ఇప్పుడు పది రోజులు పక్కకు పోయినట్టే. వాతావరణం మారుతుండడంతో ఇంకొంత గందరగోళం. తెలంగాణకు ఉత్తర చివరి మాట అయితే, సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వాన ఎక్కువగా చూసే అనంతపురానికి హస్త, చిత్తలు కూడా ప్రాణమే. ఒక చోటి సామెతను మరో చోటికి మోసుకెళితే నష్టమే. ఇన్ని ఉన్నాయి కాబట్టే పరీక్షించి చూడాలి, మూలకు పడేయకూడదు.

పరీక్షలో తప్పడం సామెతలకే జరగదు. 2002లో వాతావరణ శాఖ దేశానికి మామూలు వానలే అంది. చివరికి 19 శాతం లోటుతో కరువు వచ్చింది. ఆ దెబ్బతో శాఖ తన నమూనాలను మార్చుకుంది, మెరుగుపరుచుకుంది. అప్పుడు ఎవరూ వాతావరణ శాస్త్రాన్నే మూసేయమనలేదు. తప్పును దిద్దుకునే ఆ అవకాశం పల్లె తెలివికి ఎప్పుడిచ్చాం?

హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (క్రీడా) ఆంధ్రప్రదేశ్ రైతుల వాన గుర్తుల మీద 2008లో ఒక పుస్తకం వేసింది. మంచి ఆరంభం. దాన్ని ఊళ్లకు చేర్చడం, ఏటా కొనసాగించడం ప్రభుత్వాల పని. తెలంగాణలో ఇప్పుడు వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. 2,601 రైతు వేదికలున్నాయి, ఒక్కో దానికి విస్తరణాధికారి ఉన్నారు. ప్రతి వేదికలో ఒక పుస్తకం పెట్టడానికి ఎంత ఖర్చు? ఆరుద్ర పురుగు మొదట ఏ రోజు కనబడింది, గుడి ఏ రాత్రి కట్టింది, దగ్గరా దూరమా, చీమలు గుడ్లు మోసింది ఎప్పుడు, ఉసిళ్లు లేచింది ఎప్పుడు, పదును ఎంత లోతు. పక్క గడిలో వర్షమాపకం చెప్పిన మిల్లీమీటర్లు. పదేళ్లు రాస్తే ఏ గుర్తు ఏ మండలంలో ఎన్నిసార్లు నిజమైందో అంకెల్లో తేలుతుంది. పనికిరానిదాన్ని వదిలేయవచ్చు. పనికొచ్చేదాన్ని ఫోన్‌కు వచ్చే సూచనలో కలిపి, రైతు మాటల్లోనే పంపవచ్చు: మీ చేలో పదును చాలదు, ఆరుద్ర దాకా ఆగండి.

ఆ లెక్కలు కట్టే ప్రోగ్రాం రాయగలిగినవాళ్లు బోరబండకు ఒక్క రైలు స్టేషన్ దూరంలో ఉన్నారు. గుర్తులు చెప్పగలిగినవాళ్లు బోరబండలోనే ఉన్నారు. 1998లో సైబర్ టవర్స్ తలుపులు తెరిచిన నాటి నుంచి వీళ్లు వాళ్లకు ఇళ్లు కట్టారు, ఆఫీసులు ఊడ్చారు, గేట్ల దగ్గర కాపలా ఉన్నారు. వాన గురించి వీళ్లను అడిగినవాళ్లు లేరు. అడ్డా మీది అరవై ఏళ్ల మనిషికి మొగులు రంగు చూసి ముసురు పడుతుందో, గాలివాన వచ్చి పోతుందో చెప్పడం వచ్చు. ఇరవై ఏళ్ల అతని కొడుక్కు రాదు, ఎందుకంటే కొడుకు పెరిగింది కాంక్రీటు మీద. కాంక్రీటు మీద ఆరుద్ర పురుగు రాదు, మట్టి ఉండ కట్టదు.

వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లో ఉంది, వాతావరణ కేంద్రం బేగంపేటలో ఉంది. రెండూ బోరబండకు బస్సులో వెళ్లే దూరమే. వచ్చే ఉత్తర కార్తె మొదలయ్యేలోగా, ఆ సంస్థల విద్యార్థులు నలుగురు నోటుబుక్కులు పట్టుకుని ఒక తెల్లవారుజామున ఆ అడ్డాకు రావాలి. కూలి దొరకని రోజు అక్కడ కూర్చున్నవాళ్లకు తీరిక ఉంటుంది. ముందుగా వాళ్ల ఊరి పేరు రాసుకోవాలి, తరువాత ఏ కార్తెలో గంప ఎత్తారో అడగాలి.